టోక్యోలో బ్లాక్‌మోర్ వాయించిన ఆ చిలిపి ట్యూన్ ఎవరిది?

ఇవాళ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నా.

డీప్ పర్పుల్ వాళ్ళ 'మేడ్ ఇన్ జపాన్' ఆల్బమ్ మీద ఇదివరకు ఒక ఎపిసోడ్ చేశాను, గుర్తుందా? అందులో 'లేజీ' పాట దగ్గర ఆగి ఒక ముక్క గురించి తెగ మాట్లాడాను. రిచీ బ్లాక్‌మోర్ గిటార్ సోలో జోరుగా నడుస్తూ ఉంటుంది, అంతా బ్లూస్. ఉన్నట్టుండి మధ్యలో ఒక చిలిపి ట్యూన్ దూరుతుంది. తిరనాళ్ళలో రంగులరాట్నం తిరుగుతున్నట్టు, గెంతుతూ పోయే ట్యూన్. వచ్చినంత వేగంగా వెళ్ళిపోతుంది, మళ్ళీ బ్లూస్. నేనేమన్నానంటే, "ఇది అప్పటికప్పుడు ఆయన బుర్రలో పుట్టింది, ఇంప్రొవైజేషన్ అంటే ఇదీ" అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానో ఇప్పుడు చూస్తే నాకే సిగ్గుగా ఉంది.

ఎందుకంటే ఆ ట్యూన్ బ్లాక్‌మోర్ పుట్టడానికి 42 ఏళ్ళ ముందే ఉంది. ఇంకా తమాషా ఏంటంటే, అది నాకు దొరికింది రాక్ సంగీతం వెతుకుతుంటే కాదు, గూఢచారుల రేడియో గురించి చదువుతుంటే. అక్కడికి వస్తాను. ముందు ఆ ఆల్బమ్ గురించి కొంచెం, కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం.

1972 ఆగస్టు. డీప్ పర్పుల్ మొదటిసారి జపాన్ వెళ్ళింది. 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్లో, 17న టోక్యో బుడోకాన్‌లో, మొత్తం మూడు కచేరీలు. లైవ్ ఆల్బమ్ కావాలని అడిగింది జపాన్‌లోని రికార్డ్ కంపెనీ. బ్యాండ్‌కి పెద్దగా ఇష్టం లేదు. మా సౌండ్ ఇంజినీర్ మార్టిన్ బర్చే రికార్డ్ చెయ్యాలి, విడుదల చెయ్యాలా వద్దా అనేది మేమే చెప్తాం అని షరతులు పెట్టి ఒప్పుకున్నారు. మిక్సింగ్ చేసేటప్పుడు అయిదుగురిలో వచ్చింది ఇద్దరే, బాస్ వాయించే రోజర్ గ్లోవర్, డ్రమ్స్ వాయించే ఇయన్ పేస్. మిగతావాళ్ళు అటువైపు కూడా చూడలేదు. జపాన్ కోసం మాత్రమే అనుకున్న ఆ రికార్డు ఇప్పుడు రాక్ చరిత్రలో గొప్ప లైవ్ ఆల్బమ్‌లలో ఒకటి. మనం ఎక్కువ ఆశ పెట్టుకోని పనే ఒక్కోసారి అలా నిలబడిపోతుంది, ఏం చేస్తాం.

'లేజీ' రికార్డ్ అయింది 17న, టోక్యోలో. స్టూడియోలో ఏడు నిమిషాలు దాటిన పాట, అక్కడ పది నిమిషాలు దాటింది. ఆ పెరిగిన జాగాలోనే మన ట్యూన్ ఉంది.

సరే, నేను ఎపిసోడ్ చేసినప్పుడు వెతకలేదా అంటే, వెతికాను. నాకూ "ఇది ఎక్కడో విన్నానే" అనిపించింది. ఈ ఫీలింగ్ మీకు కొత్త కాదు. కొత్త తెలుగు సినిమా పాట రాగానే "ఈ ట్యూన్ ఎక్కడో విన్నాం రా" అని వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధాలు జరుగుతాయి కదా. కచేరీకి వెళ్తే, గాయకుడు ఆలాపన ఎత్తుకుని రెండు ముక్కలు పాడకముందే, పక్క సీట్లో ఉన్న మావయ్య రాగం పేరు చెవిలో చెప్పేస్తాడు. తప్పయినా సరే చెప్పేస్తాడు! అది వేరే సంగతి. వింటున్నదానికి పేరు పెట్టేదాకా మన బుర్ర ఊరుకోదు.

నేను చేసిన పని అందరూ చేసేదే. ఫోన్ తీసి షజామ్ పెట్టాను. ఠక్కున జవాబు వచ్చింది. 'లేజీ', డీప్ పర్పుల్, మేడ్ ఇన్ జపాన్. చాలా థాంక్స్ అండీ! జవాబు నూటికి నూరు శాతం కరెక్ట్, నాకు మాత్రం ఒక్క శాతం కూడా పనికిరాలేదు.

ఇది ఎందుకు జరిగిందో నాలాంటి ఇంజినీరింగ్ బుర్రకి అర్థం కావాలి కాబట్టి కొంచెం చెప్తాను, ఓపిక పట్టండి. షజామ్ ట్యూన్‌ని గుర్తుపట్టదు, రికార్డింగ్‌ని గుర్తుపడుతుంది. శబ్దాన్ని ఒక బొమ్మలా గీసి, ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలు గట్టిగా ఉన్నాయో ఆ శిఖరాల్ని మాత్రం ఏరుకుంటుంది. ఆకాశంలో చుక్కల్లాగా అనుకోండి. ఆ చుక్కల మధ్య దూరాల్ని జతలు జతలుగా తన దగ్గరున్న లక్షల రికార్డుల చుక్కలతో పోల్చి చూస్తుంది. రోడ్డు మీద, హోటల్లో, ఎంత గోలలో అయినా అందుకే పనిచేస్తుంది. కానీ అదే పాటని మీరు గొంతెత్తి పాడితే చుక్కలన్నీ మారిపోతాయి. వేలిముద్ర చూసి మనిషిని పట్టుకోగలదు గానీ, "ముక్కు అచ్చం వాళ్ళ తాతదే" అనే పోలిక చెప్పలేదు. నాకు కావలసింది ఆ తాత ముక్కు. (షజామ్ 2002లో ఇంగ్లండ్‌లో మొదలైనప్పుడు యాప్ కాదు తెలుసా? ఫోన్‌లో 2580కి కాల్ చేసి, ఫోన్ స్పీకర్ దగ్గర పెడితే, పాట పేరు మెసేజ్‌లో వచ్చేది.) గూగుల్‌లో హమ్ చేసి వెతికే సౌకర్యం 2020 అక్టోబర్‌లో వచ్చింది. అది ట్యూన్ ఆకారాన్నే చూస్తుంది. దానికి కూడా నేను హమ్ చేశాను. నా గొంతు విన్న తర్వాత అది ఇచ్చిన జవాబులు ఇక్కడ చెప్పను, పరువు సమస్య.

మరి ఫోన్లు లేనప్పుడు జనం ఏం చేసేవాళ్ళు? పుస్తకాలుండేవి, నిజంగా. 1948లో బార్లో, మోర్గన్‌స్టర్న్ అనే ఇద్దరు అమెరికాలో ఒక నిఘంటువు వేశారు. దాదాపు పదివేల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు ట్యూన్ల మొదటి ముక్కలు అందులో ఉన్నాయి. వెతకాలంటే ట్యూన్‌ని 'సి' శ్రుతిలోకి మార్చుకుని, ఆ స్వరాల అక్షరాల్ని అకారాది క్రమంలో చూసుకోవాలి. శ్రుతి ఏదైనా 'స' దగ్గర మొదలుపెట్టి సరిగమల్లో చెప్పుకునే మనకి ఇది వింతేం కాదు. వాళ్ళు పుస్తకం వేసి చెప్పిన కిటుకు, సంగీతం క్లాసులో మొదటి రోజు సరళీ వరుసలు నేర్చుకున్న పిల్లకి తెలుసు.

1975లో డెనిస్ పార్సన్స్ అనే ఇంగ్లిష్ ఆయన ఇంకా పెద్ద షార్ట్‌కట్ కనిపెట్టాడు. స్వరం పేరు కూడా అక్కర్లేదు. తర్వాతి స్వరం పైకి పోయిందా, కిందికి దిగిందా, అక్కడే ఉందా, ఇంతే చూడు. అదే పార్సన్స్ కోడ్. 'ట్వింకిల్ ట్వింకిల్' తీసుకోండి. సరిగమల్లో స స ప ప ద ద ప. పార్సన్స్ లెక్కలో మొదలు, అదే, పైకి, అదే, పైకి, అదే, కిందికి. ఇలాంటి గుర్తులు పదిహేను దాకా ఉంటే చాలు, వేల ట్యూన్లలోంచి మన ట్యూన్ బయటికి వచ్చేస్తుంది. మ్యూజిక్ నోట్స్ చదవడం రానివాడు కూడా వెతుక్కోవచ్చు.

ట్వింకిల్ అన్నాను కాబట్టి ఒక్క మాట. ఇదే ట్యూన్‌కి ముత్తుస్వామి దీక్షితార్ సంస్కృతంలో 'శ్యామలే మీనాక్షి' అని రాశారు. ఇంగ్లిష్ బ్యాండ్‌ల ట్యూన్లు విని ఆయన కట్టిన నొట్టుస్వరాల్లో అదొకటి. దీక్షితార్ పోయింది 1835లో. అంటే ఒకరి ట్యూన్ ఇంకొకరి కచేరీలో దూరడం రాక్ వాళ్ళు కనిపెట్టింది కాదు.

ఇప్పుడు గూఢచారుల దగ్గరికి. కోల్డ్ వార్ రోజుల్లో షార్ట్‌వేవ్ రేడియోలో వింత స్టేషన్లు వచ్చేవి. వార్తలు ఉండవు, పాటలు ఉండవు, ఎవరో అంకెలు చదువుతూ ఉంటారు. ఎక్కడో ఒక గూఢచారి కాగితం పెన్ను పట్టుకుని ఆ అంకెలు రాసుకుని సందేశం విప్పుకుంటాడు. వీటిని నంబర్స్ స్టేషన్స్ అంటారు. 1997లో వీటి రికార్డింగులన్నీ కలిపి 'ది కానెట్ ప్రాజెక్ట్' అని నాలుగు సీడీల సెట్ వచ్చింది. అందులో అందరి ఒళ్ళు జలదరింపజేసే స్టేషన్ ఒకటుంది. ముందు పిల్లల మ్యూజిక్ బాక్స్ ట్యూన్, తర్వాత చిన్నపాప గొంతు లాంటి గొంతు జర్మన్‌లో అంకెలు చదువుతుంది. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాత్రం వినకండి. ఆ స్టేషన్ నడిపింది పోలండ్ గూఢచారి విభాగం. రేడియో వినే హాబీ ఉన్నవాళ్ళు దానికి ఒక ముద్దు పేరు పెట్టారు, 'స్వీడిష్ రాప్సడీ'. ఆ మ్యూజిక్ బాక్స్ ట్యూన్, ఆల్ఫ్వెన్ అనే స్వీడన్ సంగీతకారుడి 'స్వీడిష్ రాప్సడీ' అని వాళ్ళు అనుకున్నారు.

ఎపిసోడ్ కోసం చదువుతూ, ఆ అసలు రాప్సడీ ఎలా ఉంటుందో విందామని పెట్టాను. మెల్లగా తీగలు మీటుతున్నారు, దాని మీద క్లారినెట్ ఎత్తుకుంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇది లేజీ!

మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాను. బ్లాక్‌మోర్ సోలోని సగం స్పీడ్‌లో పెట్టి, క్లారినెట్ పక్కన పెట్టి. అదే ట్యూన్. పైకి ఎక్కే చోట ఎక్కుతోంది, గెంతే చోట గెంతుతోంది. ఆ తర్వాత మ్యూజిక్ బాక్స్ రికార్డింగ్ పెట్టాను. అది మాత్రం ఇది కాదు! గూఢచారుల ట్యూన్ అసలు ఆల్ఫ్వెన్‌ది కానే కాదు. అది ఎమిల్ రైస్‌డార్ఫ్ రాసిన 'లక్సెంబర్గ్ పోల్కా'. ఎవరో మొదట ఒక పేరు అన్నారు, రెండో వాడు అదే రాసుకున్నాడు, పేరు అతుక్కుపోయింది. అసలు పేరు తెలిశాక కూడా ఆ స్టేషన్‌ని అందరూ స్వీడిష్ రాప్సడీ అనే పిలుస్తున్నారు. రైస్‌డార్ఫ్ గారి పేరు ఎక్కడా వినిపించదు. ఒకళ్ళు తప్పుగా పెట్టిన పేరు పట్టుకుని నేను సరైన ట్యూన్ దగ్గరికి చేరాను, అదీ కథ.

పాత పర్పుల్ అభిమానులకి ఇదంతా ఎప్పుడో తెలుసు. నేను ఆలస్యంగా వచ్చాను, అంతే. కానీ వాళ్ళకి ఎలా తెలిసిందో చూస్తే, నాకు ఎందుకు తెలియలేదో కూడా అర్థమైంది.

హ్యూగో ఆల్ఫ్వెన్ దీన్ని 1903లో రాశాడు. స్వీడిష్‌లో పేరు 'మిడ్‌సొమ్మార్‌వాకా'. మనం తెలుగులో చెప్పాలంటే నడివేసవి జాగారం. మనకి జాగారం అంటే శివరాత్రి, ఉపవాసం. వాళ్ళకి జూన్‌లో అసలు చీకటే పడని రాత్రి, తెల్లవార్లూ ఆటపాట. అందులో ఆయన వాడుకున్నవి పల్లెల్లో ఫిడేలు వాళ్ళు వాయించే డాన్స్ ట్యూన్ల తరహావి. అంటే మూలం వెతుక్కుంటూ పోతే ఆల్ఫ్వెన్ దగ్గర కూడా కథ ఆగదు, ఇంకా వెనక ఏదో ఊరి రచ్చబండ ఉంటుంది.

ఇది యాభై ఏళ్ళు కచేరీ హాళ్ళలో ఉంది. 1953లో బయటికి వచ్చింది. అమెరికాలో పెర్సీ ఫెయిత్ దీన్ని ఆ ఏడాది పెద్ద హిట్ అయిన మూలాన్ రూజ్ సినిమా పాట రికార్డుకి రెండో వైపు వేశాడు. ఇంగ్లండ్‌లో మాంటొవానీ ఆర్కెస్ట్రా వెర్షన్ చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్ళింది. గిటారిస్ట్ చెట్ అట్కిన్స్ కూడా ఆ 1950లలోనే దీన్ని గిటార్ మీదికి తెచ్చాడు. అప్పటికి ఆల్ఫ్వెన్ ఎనభై దాటిన ముసలాయన, బతికే ఉన్నాడు. ఆయన పోయింది 1960లో.

మరి 1953లో బ్లాక్‌మోర్ వయసెంత? ఎనిమిదేళ్ళు. 1945లో పుట్టాడు, లండన్ పక్కన హెస్టన్‌లో పెరిగాడు. పదకొండేళ్ళప్పుడు చేతికి గిటార్ వచ్చింది, మొదట నేర్చుకున్నది క్లాసికల్. చిన్నప్పుడు పక్కింటి రేడియోలోంచి వచ్చి చెవిలో పడినవి ఎక్కడికీ పోవు. నాకు మా కాలనీలో పొద్దున్నే వచ్చే చెత్త బండి పాట ఇప్పటికీ పూర్తిగా వచ్చు, ఎవరూ నేర్పలేదు. ఆయన ఆ ట్యూన్‌ని రేడియోలో విన్నాడా, చెట్ అట్కిన్స్ రికార్డులోనా అని అడిగితే, నా ఓటు రెండింటికీ. ఆ తరం ఇంగ్లిష్ గిటార్ కుర్రాళ్ళకి అట్కిన్స్ అంటే పాఠ్యపుస్తకం.

అందుకే 1972 చివర్లో ఆ ఎల్‌పీ కొన్న ఇంగ్లిష్ కుర్రాడికి ఇది అంత పెద్ద మిస్టరీ కాదు. వాళ్ళ అమ్మానాన్నల రికార్డుల్లో మాంటొవానీ ఉండే ఉంటాడు. వినగానే నవ్వుకుని ఉంటాడు, జోక్ అర్థమై. నాకు ఆ జోక్ తెలియకపోవడంతో నేను దాన్ని ప్రతిభ అనుకున్నాను. ఒక తరం ఇంట్లో మోగిన రేడియో, తర్వాతి తరానికి పజిల్ అయిపోతుంది. ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే పజిల్ అని కూడా తెలియదు, నాలాగే దాటిపోతారు.

"బ్రో, రెండు ట్యూన్లు అనుకోకుండా కలవచ్చు కదా" అంటారేమో. కలవచ్చు. ఉన్నవి పన్నెండు స్వరాలే. నాలుగైదు స్వరాలు కలిస్తే నేను పట్టించుకోను. కానీ మొత్తం వాక్యం కలిసి, లయ కూడా కలిసి, అదీ చుట్టూ ఉన్న బ్లూస్‌తో ఏ సంబంధం లేకుండా ఊడిపడితే, అది కావాలని పెట్టిందే. పైగా మనిషి అలవాటు చూడాలి. ఇదే ఆల్బమ్‌లో 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్' వినండి. గిటార్‌కి, గాయకుడు ఇయన్ గిలన్ గొంతుకి జుగల్‌బందీ నడుస్తుంది. అందులో 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' ట్యూన్ తొంగిచూస్తుంది. 1970లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో జీసస్ పాత్ర పాడింది ఎవరనుకున్నారు? ఈ గిలనే! పక్కన నిలబడి పాడుతున్నవాడిని గిటార్‌తో ఆటపట్టించడం అనమాట. వాళ్ళిద్దరికీ అంత పొసిగేది కాదు కూడా. 1973 జూన్ 29న గిలన్ తన ఆఖరి కచేరీ చేసి బ్యాండ్ వదిలేశాడు. అది మళ్ళీ ఒసాకాలోనే.

ఇది బ్లాక్‌మోర్ ఒక్కడి జబ్బు కాదు. జాజ్ వాళ్ళకి ముందు నుంచీ ఉంది, చార్లీ పార్కర్ తన పాటల చివర 'కంట్రీ గార్డెన్స్' ముక్క అంటించేవాడు. అదే 1972 జూన్‌లో, జపాన్ కచేరీలకి రెండు నెలల ముందు, లాస్ ఏంజలెస్ వైపు లెడ్ జెప్పెలిన్ వాయించిన 'హార్ట్‌బ్రేకర్'లో జిమ్మీ పేజ్ ఒంటరిగా సోలో వాయిస్తూ బాఖ్ బూరే ఒకటి, సైమన్ అండ్ గార్ఫంకల్ పాట ట్యూన్ ఒకటి దూర్చాడు. 2003లో 'హౌ ది వెస్ట్ వాజ్ వన్' పేరుతో ఆ రికార్డింగులు వచ్చాయి, వెతికి వినండి.

అభిమానులు పేర్లు పెట్టడంలో మాత్రం గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు. ఆ బ్యాండ్ కచేరీల్ని జనం క్యాసెట్లలో రికార్డ్ చేసుకోనిచ్చేది. 1984 నుంచి వాళ్ళ కోసం హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా పెట్టారు. క్యాసెట్ మీద పాటల జాబితా రాయాలి కదా. మధ్యలో పేరు లేని ట్యూన్ ఒకటి వస్తుంది, అక్కడ ఏం రాయాలి? పోలిక పట్టి రాసేవాళ్ళు. ఒకదానికి అలా 'మైండ్ లెఫ్ట్ బాడీ జామ్' అని పేరు పడింది. 1973లో పాల్ కాంట్నర్ బృందం ఆల్బమ్‌లో వచ్చిన ఒక పాటని పోలి ఉంది కాబట్టి. డెడ్ గిటారిస్ట్ జెర్రీ గార్సియా ఆ ఆల్బమ్‌లో వాయించాడు కూడా. 1996లో బ్యాండ్ తన లైవ్ ఆల్బమ్‌లో ఆ ట్యూన్‌ని వేసినప్పుడు పేరు ఏం పెట్టిందో తెలుసా? 'మడ్ లవ్ బడ్డీ జామ్'. అభిమానులు రాసుకున్న పేరుని సరిగ్గా వినపడనివాడు పలికినట్టు! చదివి చాలాసేపు నవ్వాను.

సరే, ఇంక నా పని. పాత ఎపిసోడ్ డిలీట్ చెయ్యట్లేదు. నేను "అప్పటికప్పుడు పుట్టింది" అని బల్లగుద్ది చెప్పిన చోట స్క్రీన్ మీద ఆల్ఫ్వెన్ పేరు, 1903 అని వేశాను. మీరు వినాలనుకుంటే ఈ వరుసలో వినండి. ముందు ఆల్ఫ్వెన్ రాప్సడీ మొదటి నిమిషం, క్లారినెట్ కోసం. తర్వాత చెట్ అట్కిన్స్. తర్వాత టోక్యో లేజీ, గిటార్ సోలో మొదలైన దగ్గర నుంచి. చివర్లో ధైర్యం ఉంటే ఆ నంబర్స్ స్టేషన్. అది విన్నప్పుడు మాత్రం రైస్‌డార్ఫ్ గారి పేరు ఒకసారి పైకి అనండి. ఉంటాను మరి.